కాగితం నా దగ్గరున్న నాలుగు రోజులు

డిసెంబర్ 2, మంగళవారం

పదకొండో బెడ్‌కు కొత్త పేషెంట్. పోలీసులు తీసుకొచ్చారు. పేరు కమ్లీ, వయసు ముప్పై ఆరు, గార్ల దగ్గర తండా. పోయిన నెల అడవిలోంచి బయటికొచ్చి లొంగిపోయిన వాళ్లలో ఒకతె. ఎడమ తొడలో రెండేళ్ల నాటి తూటా ముక్క ఉంది. చుట్టూ చీము పట్టి ఎముక దాకా పోయింది. మలేరియా వేరే. తూకం వేస్తే ముప్పై ఎనిమిది కిలోలు.

ఇన్‌స్పెక్టర్ శ్రీపాల్ గారు నన్ను వరండాలోకి పిలిచాడు. "సిస్టర్, మీ సంగతి నాకెర్కే. కష్టమనిపిస్తే చెప్పుండ్రి. మీకు వేరే వార్డు ఎయ్యమని డాక్టర్ సారుతోని నేను మాట్లాడుత."

"కష్టమెందుకు సార్? పేషెంటంటే పేషెంటే" అన్నాను.

ఆ మాట నోటికి బాగానే వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు మరి.

మా ఆయన దానియేలు పోయి ఆరేళ్లు దాటింది. గోదావరి అవతల రోడ్డు పనికి కాపలా వెళ్తున్న ఆయన బలగం బండి కింద మందుపాతర పేలింది. పెట్టె సొంతూరు జనగామకు వచ్చింది. తెరవొద్దన్నారు. తెరవలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో. అన్నం తిని పడుకోవాలి.

డిసెంబర్ 3

నాకు ఏమీ అనిపించడం లేదు. మంచిదే.

డిసెంబర్ 5

ఆపరేషన్ అయింది. ముక్క బయటికొచ్చింది, చిక్కుడు గింజంత. డాక్టర్ సారు గాయాన్ని కుట్టలేదు. లోపలి చీము అంతా పోయే దాకా రోజూ పాత గుడ్డ లాగేసి కొత్తది కూరాలి. అరగంట ముందు నొప్పికి సూది, ఆ తర్వాత కట్టు. కేస్ షీట్‌లో ఎర్ర సిరాతో రాశాడు.

వార్డు బయట కాపలాకు సుమలత అనే కానిస్టేబుల్‌ను పెట్టారు. చిన్న పిల్ల. రోజంతా ఫోన్ చూసుకుంటూ ఉంటుంది.

డిసెంబర్ 6

వార్డులో రద్దీ. పదకొండో బెడ్‌కు సూది ఆలస్యమైంది. కట్టు మాత్రం వేళకే మార్చాను. ఆమె అరవలేదు. దుప్పటి నోట్లో కుక్కుకుంది.

డిసెంబర్ 7, ఆదివారం

చర్చికి వెళ్లాను. పాస్టర్ గారు ఏం చెప్పారో గుర్తు లేదు.

డిసెంబర్ 8

ఇవాళా రద్దీయే.

డిసెంబర్ 9

రద్దీ.

డిసెంబర్ 11

కట్టు సామాను ట్రేలో సర్దుతున్నాను. ఇన్నాళ్లూ అవును, కాదు తప్ప మాట్లాడని మనిషి, ఇవాళ తనే నోరు తెరిచింది.

"సిస్టరమ్మా, మీ పెనిమిటి సంగతి బయట కూసున్న పిల్ల చెప్పింది."

గాజుగుడ్డ కత్తిరిస్తున్నాను.

"దళంల కట్లు కట్టే పని నాదే ఉండె. పన్నెండేండ్లు నేనే కట్టిన. సూది ముంగట, కట్టు ఎనుక. నాకెర్కే. నేనెవలకు చెప్పలే. చెప్ప కూడా చెప్ప."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ట్రే అక్కడే పెట్టి వెళ్లి సూది తెచ్చాను. ఇచ్చాను. అరగంట స్టూలు మీద కూర్చున్నాను. అరగంట తర్వాత కట్టు మార్చాను. దుప్పటి నోట్లోకి పోలేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అబద్ధం రాశాను. ఆరో తారీఖున వార్డులో ఉన్నది నలుగురే పేషెంట్లు. ఎనిమిదిన ఐదుగురు. తొమ్మిదిన లెక్క చూడలేదు. ఆ మూడు రోజులూ సూది మందు ట్రేలోనే ఉంది. నా చేతికి అందేంత దూరంలో.

డిసెంబర్ 12

సూది వేళకు ఇచ్చాను.

డిసెంబర్ 13

సూది వేళకు ఇచ్చాను. రోజూ ఇది రాయాల్సిన పని లేదు.

డిసెంబర్ 16

కమ్లీకి జ్వరం తగ్గింది. సుమలత ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె సగం తిన్నది.

"ఎందుకు పోయినవు అడవిలకు?" అని అడిగాను. అడగాలని అనుకోలేదు.

"పదిహేడేండ్ల పిల్లను. అప్పుడడిగితే గంట సేపు చెప్పేదాన్ని సిస్టరమ్మా. ఇప్పుడు ఒక్క ముక్క యాదికొస్తలేదు."

"మరి ఎందుకొచ్చినవు బయటికి?"

"భయానికి. మనసు మారి వచ్చిన్నని పేపర్ల రాసిండ్రు గని, అదేం కాదు. దినాం పైన డ్రోన్లు తిరుగుడు, మూడు దిక్కుల బలగాలు. మేము పదహారు మందిమి ఉంటిమి. ఏడుగురం మిగిలినం. ఉడకేసుకున్న బియ్యం తినేదానికి కూడా టైం లేకుండె."

ఉన్నది ఉన్నట్టే చెప్పింది. వాళ్లు అంత భయపడ్డారన్న మాటకు నాకు సంతోషం కలిగింది. అదీ రాసుకోవాలి.

డిసెంబర్ 20, శనివారం

పొద్దున బెడ్ షీట్ మారుస్తుంటే ఆయమ్మలు మేడారం జాతర ముచ్చట పెట్టుకుంటున్నారు. ఈసారి బస్సులు ఎక్కడి నుంచి వేస్తారు, బంగారం ఎంత తూగుతారు, అదీ ఇదీ. బంగారమంటే బెల్లమే. కమ్లీ వింటూ వింటూ ఉన్నట్టుండి అడిగింది.

"జాతర ఏ తారీఖు?"

"జనవరి ఇరవై ఎనిమిది."

ఆమె మధ్యాహ్నం దాకా అన్నం ముట్టలేదు. నేను మందులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, గోదావరి అవతలి ఒడ్డు పొంటి ఒక కాలితొవ్వ ఉన్నది. అడివెంట వచ్చి పడవ కాడ దిగుతది. ముందుగాల బలగాలు గదే తొవ్వ నడిచేటియి. గందుకే ఆడ మందుపాతరలు పెట్టినం. మొన్నటి దాకా భయానికి జనం ఆ తొవ్వ పట్టకపోతుండె. ఇప్పుడు అందరం బయటికొచ్చినం, అడివి ఖాళీ అయిందని చాటింపు ఏసిండ్రు గద. జాతరకు పిల్లజెల్లతోని గదే తొవ్వ వస్తరు."

"ఎన్ని?"

"పన్నెండు."

"పోలీసులకు చెప్పలేదా?"

"వాళ్లు మొదలు అడిగేది ఎవలు పెట్టిండ్రని. పెట్టినోళ్లల్ల సచ్చినోళ్లున్నరు, నాతోని లొంగినోళ్లు కూడా ఉన్నరు. పేరు చెప్తె వాళ్ల మీద కేసయితది. పేరు చెప్పకుంటె నన్ను ఇడువరు. కాయితం గీసిస్త, మీరియ్యిండ్రి. ఎవలిచ్చిండ్రంటె పేషెంట్ ఇచ్చిందనుండ్రి, గంతే."

వాడేసిన టెంపరేచర్ చార్టు వెనక గీసింది. వంపు తిరిగిన నది, పడవ రేవు, ఇప్ప చెట్టు, రెండు మద్ది చెట్లు, వాగు. పన్నెండు చోట్ల చిన్న చిన్న ఇంటూ గుర్తులు.

కాగితం బ్యాగులో పెట్టుకున్నాను. శ్రీపాల్ గారు ఇవాళ ఊళ్లో లేరట.

డిసెంబర్ 21

ఆదివారం. స్టేషన్‌కు వెళ్లడం బాగుండదు.

డిసెంబర్ 22

డబుల్ డ్యూటీ. కుదరలేదు.

డిసెంబర్ 23

మా అమ్మాయి రాణి వచ్చింది. ఇల్లు సర్దడం, కేకు చేయడం, కర్టెన్లు ఉతకడం. స్టార్ కట్టడానికి కొక్కెం విరిగిపోతే మనిషిని పిలవాల్సి వచ్చింది. కుదరలేదు.

డిసెంబర్ 24

కాగితం ఇచ్చాను. శ్రీపాల్ గారు రెండు మూడుసార్లు తిప్పి చూసి, "ఎప్పుడిచ్చింది?" అన్నాడు.

"మొన్న" అన్నాను.

డిసెంబర్ 26

నిన్న పండుగ. రాసే ఓపిక లేదు, కానీ రాయకపోతే నిద్ర పట్టదు.

రాణికి ఇరవై ఏళ్లు నిండాయి. హనుమకొండలో ఎస్సై పరీక్షకు కోచింగ్ తీసుకుంటోంది. వాళ్ల నాన్న పోయినప్పుడు పద్నాలుగేళ్లు. ఆ రోజు నుంచి అదే మాట, పోలీసు ఉద్యోగమే చేస్తానని. నేను వద్దనలేదు. సరేననీ అనలేదు.

చర్చి నుంచి వచ్చాక తన నోట్‌బుక్ చేతికిచ్చి చూడమంది. కోచింగ్‌లో ఇచ్చిన వ్యాసం. "ఉగ్రవాదాన్ని తగ్గించేది సైనిక బలమా, అంతర్జాతీయ సహకారమా?" అటు ఐదు పాయింట్లు, ఇటు ఐదు పాయింట్లు. చివర, రెండూ సమపాళ్లలో అవసరమని నాలుగు లైన్లు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సారు పదికి ఆరిచ్చి, ముగింపులో స్పష్టత లేదని రాశాడు.

"నీకేమనిపిస్తది?" అన్నాను.

"బలమేనమ్మా. సమపాళ్లు అని రాస్తె మార్కులు పడ్తయని రాసిన. దేశాలు కలిసి మీటింగులు పెట్టుకొని చాయ్ తాగుతయి. గంతే. బలం లేకపోతే ఎవలు తగ్గుతరు?"

అంతవరకు బాగానే ఉంది. భోజనాల దగ్గర సుమలత ఫోన్ చేసింది, పదకొండులో సెలైన్ ఆగిపోయిందని. నర్సమ్మలు ఎవరూ దగ్గర లేరట, ఎలా సరిచేయాలో చెప్పాను. రాణి విన్నది. ఎవరని అడిగింది. దాచలేకపోయాను.

పళ్లెం ముందుకు తోసేసింది. "నాయినను సంపినోళ్లకు సూదులిస్తున్నవా?"

"ఆమెనే అని ఎవలు చెప్పిండ్రు?"

"ఆమె కాకుంటె ఆమె పక్కపొంటి ఉన్నామె. నీకేం ఫరక్ పడ్తలేదా అమ్మా? నిజం చెప్పు. ఆమెను ముట్టుకుంటె నీకేం కాదా?"

ఏం చెప్పాలి? ఆరు, ఎనిమిది, తొమ్మిది తారీఖుల సంగతి చెప్తే నా బిడ్డ సంతోషిస్తుందేమోనని భయం వేసింది. చెప్పలేదు.

ఇవాళ పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది.

డిసెంబర్ 31

కమ్లీ రెండుసార్లు అడిగింది, తీసిండ్రా అని. శ్రీపాల్ గారిని అడిగాను. పైకి పంపామన్నారు.

జనవరి 3

పైకి పంపారట.

జనవరి 5, సోమవారం

నిన్న సాయంత్రం అంబులెన్స్‌లో ఒక మనిషిని తెచ్చారు. చంద్రి, వయసు ఇరవై ఐదుకు అటూ ఇటూ. అవతలి అడవి ఊరు. ఇటు పక్క మిరపకాయ ఏరడానికి పదిమంది కలిసి నడిచి వస్తున్నారు. రేవు ఇంకా కిలోమీటరు ఉందనగా మందుపాతర పేలింది. ముందు నడిచేది ఈమె. కుడి కాలు మోకాలి కింద నుంచి లేదు. వెనక వస్తున్న భర్త చెవికి వినపడడం లేదు. మిగతా వాళ్లకు చిన్న దెబ్బలు.

డాక్టర్ సారు మూడు గంటలు థియేటర్‌లో ఉన్నాడు. బతికింది.

పన్నెండో బెడ్ ఒక్కటే ఖాళీ.

పొద్దున మెలకువ వచ్చి చంద్రి ఏదో అడుగుతోంది. ఎవరికీ అర్థం కాలేదు, కోయ మాట. ఆయమ్మ నీళ్లిచ్చింది, తోసేసింది. అప్పుడు పక్క బెడ్ మీది నుంచి కమ్లీ లేచి గోడ పట్టుకొని వచ్చి మంచం అంచున కూర్చుంది. అదే మాటలో ఏదో చెప్పింది. చంద్రి ఆమె చేతిని రెండు చేతులతో పట్టేసుకుంది.

"ఏమంటుంది?" అన్నాను.

"మిర్చి తోటలకు ఎన్ని దినాలకు పోవచ్చని అడుగుతాంది." కమ్లీ నా వైపు చూడలేదు. "కాలు సంగతి ఇంకా ఎర్క లేదు. చెప్పాల్నా, వద్దా?"

"చెప్పు" అన్నాను.

చెప్పింది. నేను వరండాలోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు ఇది రాయాలి. పోలీస్ స్టేషన్ మా దవాఖాన గేటుకు ఎదురుగా ఉంది. రోడ్డు దాటితే చాలు. శ్రీపాల్ గారు ఊళ్లో లేనిది ఇరవయ్యో తారీఖు ఒక్కరోజే. ఆదివారం కూడా స్టేషన్ తెరిచే ఉంటుంది. కొక్కెం బిగించే మనిషి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు.

అవతలి ఊళ్ల వాళ్లు అన్నం పెట్టకపోతే దళాలు అన్నేళ్లు బతికేవా అనుకున్నాను. దానియేలు వెళ్లిన ఆ పొద్దున రోడ్డు కింద ఏముందో ఆ ఊళ్లో ఒక్కరికీ తెలియదా? తెలిసి ఒక్కరూ చెప్పలేదు. నేనెందుకు ఉరకాలి అనుకున్నాను. బ్యాగు మేకుకు తగిలించి, నాలుగు రోజులు ఆ మేకు వైపు చూడకుండా ఇంట్లో తిరిగాను.

జనవరి 6

శ్రీపాల్ గారి దగ్గరికి వెళ్లాను. అరవాలని వెళ్లాను. ఆయన మొహం చూస్తే అరుపు రాలేదు. ఆయనా నిద్ర పోయినట్టు లేడు.

"ఇరవై నాలుగు నాడే పైకి పంపిన సిస్టర్. ఆడికెళ్లి అవతలి రాష్ట్రానికి పోయింది. గీసిన మనిషిని తీస్కొచ్చి చూపియ్యిండ్రి, లేకుంటె నమ్మం అన్నరు వాళ్లు. ఆమె మా కాడ లొంగింది, గోదావరి దాటియ్యం అన్నరు మావోళ్లు. గిదే ఆపరేషనయితె ఒక్క ఫోన్ మీద మూడు దిక్కులకెళ్లి బలగాలు తెల్లారెటాల్లకు అడవిల ఉంటుండె. గుంతలు తవ్వాలంటె మాత్రం ఒక్కొక్క గుంతకొక్క సంతకం."

"అడవి ఖాళీ అయిందని చాటింపు వేసింది మీరే కద సార్?"

"మేమే. మనుషులు లొంగిండ్రు. మందుపాతర లొంగదు." కుర్చీలో వెనక్కి వాలాడు. "మస్తు పోరాడినం సిస్టర్. నేను నలుగురిని మోసిన భుజం మీద. బలం లేకుంటె ఈ కాడికి రాకపోతుంటిమి. బలంతోని రాలేదని ఎవడన్నా అంటె నేనొప్పుకోను. గని వచ్చినంక ఏం చెయ్యాల్నో ఎవలూ నేర్పలే."

"ఆమె వస్తనంటె?"

"నడవలేదు గద."

"కుర్చీలో కూర్చోబెట్టి మోయాలి. నేను వెంట వస్తాను. డాక్టర్ సారును నేను ఒప్పిస్త."

ఆయన ఫోన్ తీశాడు. ఈసారి పైకి చేయలేదు. అవతలి ఒడ్డు స్టేషన్‌లో తనలాంటి ఇన్‌స్పెక్టర్‌కే చేశాడు. హిందీలో. మొదట సార్ సార్ అన్నాడు, తర్వాత భాయ్ అన్నాడు.

జనవరి 7

కమ్లీని అడిగాను. "పోదాం" అన్నది. ఆలోచించలేదు.

జనవరి 10, శనివారం

రెండు రోజులు అవతలే ఉన్నాం. ఒళ్లంతా నొప్పులు.

నిన్న పొద్దున పడవలో దాటాం. ఒడ్డున అవతలి రాష్ట్రం వాళ్లు పదిహేను మంది, ఇటు వాళ్లు పన్నెండు మంది. బాంబులు తీసే దళం, ఒక కుక్క. మొదటి గంట ఇటు వాళ్లు ఇటు, అటు వాళ్లు అటు నిలబడ్డారు. చాయ్ కూడా వేరువేరుగానే కాచుకున్నారు.

ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదుళ్లు కట్టారు. కమ్లీని కూర్చోబెట్టాక ఎవరు మోయాలన్న మాట వచ్చింది. ఆఖరికి ముందు ఇద్దరు వాళ్లు, వెనక ఇద్దరు మనవాళ్లు. ఎత్తు కలవక కుర్చీ ఒరిగిపోతుంటే, "జర కిందికి అన్నా", "థోడా ఊపర్ భయ్యా" అనుకుంటూ నడిచారు. నేను పక్కన సెలైన్ సంచి మోసుకుంటూ.

మొదటి చోట ఏమీ దొరకలేదు. అవతలి ఆఫీసర్ శ్రీపాల్ గారి వైపు అదోలా చూశాడు. ఇదంతా ఉచ్చేమో అని ఎవరో గొణిగారు.

"రెండు వానకాలాలు పోయినయి సార్, మట్టి జరిగింది" అన్నది కమ్లీ. "మూడడుగులు పల్లం దిక్కు చూడుండ్రి."

పల్లం వైపు చూశారు. అల్యూమినియం గిన్నె, పైన తారు కాగితం, తీగ. కుక్క దాని ముందు కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ గొణగలేదు. రెండు రోజుల్లో తొమ్మిది తీశారు. రెండు ఎంత వెతికినా దొరకలేదు. వాగు కొట్టుకుపోయి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ తొవ్వను ముళ్లకంపతో మూసి, పైనుంచి వేరే తొవ్వ కొట్టిస్తామన్నారు. పన్నెండోది చంద్రి కాలి కింద పోయింది.

తీసినవన్నీ ఇసుకలో పెట్టి పేల్చేశారు. దానియేలు ఆఖరున విన్న చప్పుడు ఎలా ఉంటుందోనని ఆరేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఇంత పొట్టిగా ఉంటుందనుకోలేదు. ఒకటయ్యాక ఇంకొకటి, తొమ్మిది సార్లు విన్నాను.

తిరుగు పడవలో కమ్లీ నా పక్కన కూర్చుంది. అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేను.

"రెండు వేల పంతొమ్మిది, మార్చి. రోడ్డు పని కాడ బండి పేలింది. నువ్వున్నవా?"

"లేను." వెంటనే చెప్పింది. "అప్పుడు నాకు కామెర్లయితె పైన గుట్టల పండుకోబెట్టిండ్రు. ఆ దినం నేను లేను." నీళ్ల వైపు తిరిగింది. "వేరే దినాలున్న, సిస్టరమ్మా."

ఏ దినాలో అడగలేదు. ఆ దినాలకూ ఎవరో ఒకరు ఉంటారు, జనగామలోనో, బీహార్‌లోనో, పెట్టె తెరవని వాళ్లు.

జనవరి 11

రాణి ఫోన్ చేసింది. పేపర్‌లో చిన్న ముక్క వచ్చిందట.

"నువ్వు పోయినవా ఆడికి?"

"పోయిన."

"నీకేమన్న అయితె నా సంగతేందమ్మా?" అన్నది. ఏడుస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల గొంతు.

కాసేపటికి మళ్లీ తనే అడిగింది, "మరి ఏది గొప్పదంటవ్? బలమా, కలిసి చేసుడా?"

"ఆమెను బయటికి తెచ్చింది బలమే బిడ్డా. ఆమే చెప్పింది. ఆ తొమ్మిదింటిని తీసింది ఒక ఇన్‌స్పెక్టర్ ఇంకో ఇన్‌స్పెక్టర్‌కు చేసిన ఫోన్. అది పదిహేను రోజుల ముందు చేస్తే చంద్రికి కాలుండేది. నేను..." అని ఆగిపోయాను.

"నువ్వేంది?"

"ఏం లేదు. బువ్వ తిన్నవా?"

జనవరి 14

నా నాలుగు రోజులు, వాళ్ల పదకొండు రోజులు. కాగితం ఇరవైనే ఇచ్చి ఉంటే, అది నాలుగు రోజుల ముందే పైకి పోయేది. అక్కడ ఇంకో నాలుగు రోజులు ఎక్కువ పడి ఉండేది. అయినా చంద్రి నాలుగో తారీఖునే నడిచేది. ఇలా లెక్క వేసుకుంటే నా తప్పు లేనట్టే వస్తుంది. రోజూ ఇదే లెక్క వేసుకుంటున్నాను. రోజూ అలాగే వస్తుంది. రోజూ మళ్లీ మొదటి నుంచి వేస్తున్నాను.

జనవరి 19

కమ్లీని రేపు డిశ్చార్జ్ చేస్తారు. పోలీసు క్వార్టర్లలో కొన్నాళ్లుంచి తండాకు పంపుతారట. అన్న దస్రు వస్తాడో రాడో తెలియదు. రెండుసార్లు కబురు పంపితే జవాబు లేదట.

ఆమె వెళ్లేలోపు చెప్పించాలి. చంద్రితో మాట్లాడగలిగేది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం చంద్రికి కట్టు మార్చాక, కమ్లీని పక్కన కూర్చోబెట్టి అన్నాను. "నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. మందుపాతరల కాగితం నా దగ్గర నాలుగు రోజులుంది. నేను కావాలనే ఇవ్వలేదు."

కమ్లీ నా మొహంలోకి చూసింది. ఆమెకూ ఈ సంగతి తెలియదు. తర్వాత చంద్రి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. నేను చెప్పింది రెండే ముక్కలు. ఇంతసేపు ఏం చెప్తోందో అర్థం కాలేదు. చంద్రి వింటూ వింటూ, పట్టుకున్న చేతిని మెల్లగా వదిలేసింది. ఒక్క మాట అని గోడ వైపు తిరిగిపోయింది.

"ఏమన్నది?"

"ఆమె మంచం ఈడికెళ్లి తీపియ్యమంటాంది. నా పక్కపొంటి ఉండనంటాంది."

"నీ పక్కనా? నువ్వేం చెప్పినవు?"

"మీ ముచ్చట చెప్పలే. ఎవలు పెట్టిండ్రో చెప్పిన." రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. "పన్నెండిట్ల నాలుగు నా చేతులతోని పెట్టినయే. ఆమె తొక్కింది నాదో కాదో దేవునికెర్క. పోలీసోళ్లకు చెప్పకపోతి, మీకు చెప్పకపోతి. పదిహేను దినాలు నా చెయ్యి పట్టుకొని పన్నది సిస్టరమ్మా. చెప్పకుండ ఎట్ల పోను?"

చంద్రి మంచాన్ని కిటికీ పక్కకు నేనే నెట్టాను. ఆయమ్మను పిలవలేదు.

జనవరి 20

కమ్లీ వెళ్లిపోయింది. జీపెక్కే ముందు వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. చంద్రి చూడలేదు.

నా మాట చెప్పడానికి ఇప్పుడు నాకు భాష లేదు. నిజం రాయాలంటే, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

జనవరి 29

చంద్రి తప్ప వార్డు ఖాళీ. సగం స్టాఫ్ మేడారంలో డ్యూటీ. అవతలి ఒడ్డు నుంచి జనం వేలమంది కొత్త తొవ్వ వెంట దాటారని శ్రీపాల్ గారు ఫోన్ చేసి చెప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన గొంతు చాలా రోజుల తర్వాత తేలికగా ఉంది. కమ్లీ కోసం అన్న వచ్చాడట, మోటార్ సైకిల్ మీద. వెనక సీటు తుడిచి ఎక్కమన్నాడట.

ఫిబ్రవరి 2

చంద్రి తమ్ముడు వచ్చాడు. రాంజీ అట పేరు. నాలుగేళ్లుగా ఇటు పక్క పత్తి మిల్లులో పని చేస్తాడు, తెలుగు వచ్చు. అక్కను తీసుకెళ్తానన్నాడు.

ఇక తప్పించుకునే దారి లేదు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. కాగితం సంగతి, నాలుగు రోజుల సంగతి. దానియేలు పేరు ఎత్తలేదు. ఎత్తితే వాళ్లు జాలిపడతారని.

అతను అక్కకు చెప్పాడు. చెప్పినట్టే చెప్పాడనుకుంటాను, ఎందుకంటే చంద్రి నన్ను చూసిన చూపు అలా ఉంది. ఆమె ఏదో అడిగింది.

"ముందుగాల్నే ఇస్తె, ముందుగాల్నే తీసేటోళ్లా అని అడుగుతాంది" అన్నాడు.

ఇన్నాళ్లూ వేసుకున్న లెక్కంతా నోటిదాకా వచ్చింది.

"తెలియదు" అన్నాను. "నేను మాత్రం ఇవ్వలేదు."

అతను చెప్పాడు. చంద్రి కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నేను రెండింటికీ సిద్ధపడి కూర్చున్నాను. చివరికి మళ్లీ ఏదో అడిగింది, చిన్నగా.

"కొత్త కాలు ఎప్పుడిస్తరని అడుగుతాంది."

హనుమకొండలో కృత్రిమ కాళ్లు పెట్టే క్యాంపు ఇరవై రెండో తారీఖున ఉంది. ఆ రోజు ఆదివారం, నాకు సెలవు. తారీఖు చెప్పాను. పొద్దున ఆరు గంటలకు రేవు దగ్గర ఉంటాను, నేనే తీసుకెళ్తాను అని చెప్పాను.

అతను అక్క మొహం చూశాడు. ఆమె తల ఊపింది. "ఆరు అంటె ఆరుకే రావాలె, ఆలస్యం చెయ్యొద్దంటాంది" అన్నాడు.